పీనాసి గోధుమ

మీకో ప్రశ్న వేస్తాను, తొందరపడకుండా జవాబు చెప్పండి. లోతైన కుండీలో మట్టి పోసి, బాగా తడిపి, గోధుమ విత్తనం వేశారు. ఇక కోత దాకా చుక్క నీరు పొయ్యరు. గోధుమ మొలకకి విత్తనం దగ్గర్నుంచే నాలుగైదు వేళ్లు కిందికి దిగుతాయి. ఒక మొక్కకి వాటన్నిటినీ ఉండనిచ్చారు. ఇంకో మొక్కకి ఒక్క వేరు ఉంచి మిగతావి లేకుండా చేశారు. రెండింటికీ మట్టిలో ఉన్న తడి ఒకటే. చివరికి గింజ దేనికి ఎక్కువ?

అన్ని వేళ్లూ ఉన్నదానికే అంటారు ఎవర్నడిగినా. వేళ్లు తెగ్గోసుకున్న మొక్క ఏం బాగుపడుతుంది? కానీ 1972లో జాన్ పాసియూరా అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఇదే చేసి చూస్తే ఒంటి వేరు మొక్కే గెలిచింది. ఆయన పనిచేసింది కాన్‌బెర్రాలో, సీఎస్‌ఐఆర్‌ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో. మట్టి శాస్త్రం వైపు నుంచి మొక్కల దగ్గరికి వచ్చిన మనిషి. అందుకేనేమో, మొక్కని చూసినప్పుడల్లా ఆయనకి ముందు దాని కింద ఉన్న నేల కనబడేది. ఈ పూట కబుర్లన్నీ ఆయన గురించీ, ఆయన తవ్విన ఆ నీళ్ల లెక్క గురించీ.

ముందు ఆ ప్రయోగం ఎందుకు చేశాడో చెప్పాలి. ఆస్ట్రేలియా తూర్పున, క్వీన్స్‌లాండ్‌లో డార్లింగ్ డౌన్స్ అని ఓ ప్రాంతం ఉంది. అక్కడ నల్ల నేలలు. ఎండితే నెర్రెలిచ్చి, తడిస్తే ఉబ్బి జిగటగా పట్టుకునే బాపతు. అచ్చం మన రేగడే. నేలల శాస్త్రంలో రెండిటినీ వెర్టిసాల్స్ అనే ఒకే జాతిలో కలుపుతారు. అక్కడ వాన ఎండాకాలంలో పడుతుంది, గోధుమ చలికాలంలో పండిస్తారు. అంటే వాన వచ్చి వెళ్లిపోయాక, నేల దాచిపెట్టుకున్న తడి మీద పంట నడవాలి. మన ప్రకాశం, కర్నూలు పక్క రబీ శనగ సరిగ్గా ఇలాగే పండుతుంది కదా. వానలు వెనకబట్టాక, పదును చూసుకుని అక్టోబరు నవంబరుల్లో గొర్రుతో విత్తనం వేస్తారు. ఆ తర్వాత మంచు తప్ప పైనుంచి వచ్చేదేమీ ఉండదు.

ఒంగోలు అవతల మా బాబాయి ఒకాయన అలాంటి శనగ చేలోనే జీవితమంతా గడిపాడు. ఒక జనవరిలో ఆయన వెంట చేలోకి వెళ్లాను. గట్టు మీద నుంచి చూస్తే పచ్చగా, మోకాటి ఎత్తున, చూడముచ్చటగా ఉంది. బాగా కాసినట్టుందే అన్నాను.

"పైన చూడబాక అబ్బాయ్, కాయ నలిపి చూడు" అన్నాడు.

నాలుగు కాయలు కోసి నలిపాను. రెండింట్లో గింజ ఉంది. ఒకదాంట్లో బటాణీలో సగం అంత, చేత్తో నొక్కితే నీరు కారే గింజ. నాలుగోది ఉత్త బుడగ. ఆయన వంగి, బొటనవేలితో నేలని గీకి, జానెడు లోతు మట్టి పిడికిట్లోకి తీసుకుని పిండి తెరిచాడు. ముద్ద కట్టలేదు. పొడిపొడిగా రాలింది. "పూతకే తాగేసింది నీళ్లన్నీ. కాయ ఊరేటప్పటికి ఏముంది ఇంక" అన్నాడు. పాసియూరా ప్రయోగాన్ని ఇంతకంటే పొట్టిగా ఎవరూ చెప్పలేదు నాకు.

ఆవకాయ జాడీ తీసుకోండి. ఏడాదికని పెట్టినది. ఇంట్లో ఎన్ని చేతులుంటే అంత తొందరగా అడుగు కనబడుతుంది. సంక్రాంతికే జాడీ కడిగి బోర్లించిన ఇంట్లో, మళ్లీ మామిడికాయ వచ్చేదాకా ఏం చేస్తారు? అన్ని వేళ్లూ ఉన్న గోధుమ అదే పని చేసింది. చిన్నప్పుడు పుష్కలంగా తాగి, ఏపుగా పెరిగి, పిలకలు వేసి, ఆకులు విప్పి, తీరా వెన్ను పాలు పోసుకునే వేళకి చూస్తే కింద తడి లేదు. ఒంటి వేరు మొక్కకి ఎంత ఆశ ఉన్నా ఒక గొట్టంలోంచే తాగాలి. కాబట్టి బక్కగా, నెమ్మదిగా పెరిగింది. పూత దాటాక కూడా దానికి మట్టిలో ఇంకా నీళ్లు మిగిలాయి. ఆ మిగిలినవే గింజయ్యాయి.

పూతకు ముందు తాగిన నీరు ఆకుని పెంచుతుంది, పూత తర్వాత తాగిన నీరు గింజని నింపుతుంది. మొత్తం ఎంత తాగిందన్నది ఒక లెక్క, ఎప్పుడు తాగిందన్నది ఇంకో లెక్క. పాసియూరా వృత్తి జీవితంలో పెద్ద భాగం ఆ రెండో లెక్క మీదే గడిచిందని నా అభిప్రాయం.

సరే, రైతు చేలోకి వెళ్లి ప్రతి మొక్కకీ వేళ్లు కత్తిరించలేడు కదా. ఇక్కడే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఇదో గమ్మత్తయిన ప్రయోగమని కాగితం రాసి ఊరుకోలేదు. వేళ్ల సంఖ్య తగ్గించే బదులు వేరు లోపలి గొట్టాన్ని సన్నం చేస్తే ఎలా ఉంటుందని అడిగాడు. గోధుమ విత్తనపు వేరుని అడ్డంగా పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, నడిమధ్యలో ఒక పెద్ద గుండ్రటి కన్నం కనబడుతుంది. పుస్తకాల్లో దారునాళం అంటారు. లోతు నుంచి నీరు పైకి వచ్చేది ముఖ్యంగా దాంట్లోంచే. మామూలు రకాల్లో దాని వెడల్పు 65 మైక్రాన్ల దాకా ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. దీన్ని 55 కంటే కిందికి తేవాలన్నది పథకం.

పది మైక్రాన్లు తగ్గితే ఏమవుతుందిలే అనుకోకండి. గొట్టంలో ప్రవాహం దాని వెడల్పుతో సమానంగా తగ్గదు, నాలుగో ఘాతంలో తగ్గుతుంది. అంటే వెడల్పు సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు. 65 నుంచి 55కి దిగితే, అదే ఒత్తిడి మీద పారే నీరు దాదాపు సగానికి పడిపోతుంది. కావాలంటే లెక్క కట్టి చూసుకోండి. ఆరో వంతు కూడా తగ్గని గొట్టం సగం నీటిని ఆపుతుందన్నమాట.

రిచర్డ్ రిచర్డ్స్ అనే సహచరుడితో కలిసి దేశదేశాల గోధుమ విత్తనాలు తెప్పించి, మొలకెత్తించి, వేళ్లు కోసి, కన్నాలు కొలుచుకుంటూ పోయారు. చెప్పడానికి ఒక వాక్యం. చేసేవాళ్లకి ఎన్ని వేళ్లో, ఎన్ని బ్లేడ్లో. టర్కీ నుంచి వచ్చిన ఓ నాటు రకంలో సన్న గొట్టం దొరికింది. దాన్ని కుక్, కైట్ అనే రెండు ఆస్ట్రేలియా రకాలతో సంకరం చేసి, సన్న గొట్టం వచ్చిన పిల్లల్ని తరతరానా ఏరుతూ పోయారు. 1989లో ఫలితం అచ్చయింది. వర్షాధారపు మడుల్లో, తల్లి రకాన్ని బట్టీ కాలాన్ని బట్టీ, సన్న గొట్టం గోధుమ 3 నుంచి 11 శాతం ఎక్కువ పండింది. 1972లో పుట్టిన ఆలోచనకి పొలంలో జవాబు రావడానికి పదిహేడేళ్లు. ఈ కాలంలో ఇన్నేళ్లు ఒకే ప్రశ్న మీద కూర్చోనిచ్చే ఆఫీసు ఎక్కడైనా ఉందంటే నాకూ చెప్పండి.

ఈ కథ బాబాయికి చెప్తే, చుట్ట వెలిగించుకుంటూ, "మరి వాన పడితే? సన్న గొంతు పెట్టుకుని అది తాగలేక చస్తుందిగా" అన్నాడు.

గట్టి ప్రశ్నే. దానికీ జవాబుంది. గోధుమకి రెండు రకాల వేళ్లు. విత్తనం దగ్గర పుట్టి లోతుకి దిగేవి కొన్ని. పిలకల మొదట్లోంచి, అంటే కాండం అడుగు నుంచి, తర్వాత పుట్టుకొచ్చేవి కొన్ని. ఈ రెండోవి పుట్టాలంటే పై మట్టి తడిగా ఉండాలి. వాన పడిందా, అవి బయల్దేరతాయి, వాటి గొట్టాలు సన్నమేమీ కావు, మొక్క హాయిగా తాగుతుంది. వాన లేదా, పై మట్టి ఎండిపోయి అవి పుట్టవు, ఆ సన్న గొట్టాలే గతి. మంచి కాలంలో నష్టం లేదు, చెడ్డ కాలంలో లాభం. బాబాయి కాసేపు పొగ వదిలి, "గట్టోళ్లే" అన్నాడు. ఆయన నోట అది పెద్ద బిరుదు.

ఇంత చెప్పాక, కరువొచ్చిన చోటల్లా పీనాసి మొక్కే మందనుకుంటారేమో. పాసియూరాని చదివినవాళ్లు ఆ మాట అనరు. అదే ఆస్ట్రేలియాలో పశ్చిమానికి, పెర్త్ వైపు వెళ్లండి. అక్కడ ఇసుక పాలు ఎక్కువున్న నేలలు, వాన పడేది చలికాలంలో, అంటే పైరు మీదే. మొక్క చిన్నగా ఉండి నేల బోడిగా కనబడుతుంటే, పడిన వానలో చాలా భాగం ఎవరికీ పనికిరాకుండా పైనుంచే ఆవిరైపోతుంది. అక్కడ కావలసింది పీనాసి కాదు, గబగబా ఆకులు విప్పి నేలని కప్పేసే మొక్క. ఆ రిచర్డ్సే తర్వాత అలాంటి చురుకైన గోధుమ మీద కూడా ఏళ్ల తరబడి పనిచేశాడు. ఒకే దేశం, ఒకే పంట, రెండు చోట్లా నీటి ఎద్దడే, మందు మాత్రం తలకిందులు. విత్తన సంచీ మీద 'బెట్టను తట్టుకునే రకం' అని అచ్చేసి ఉంటే నాకు అందుకే అనుమానం. ఏ బెట్టనండీ? మొలకప్పుడు వచ్చేదా, పూతప్పుడు వచ్చేదా, చివర్న వచ్చేదా? సంచీ మీద అంత చోటుండదు మరి.

1977లో పాసియూరా ఈ గందరగోళాన్నంతా ఒక చిన్న గుణకారంలో పెట్టాడు. గింజ దిగుబడి అంటే మూడు సంఖ్యల లబ్ధం. పైరు గుండా ఎంత నీరు వెళ్లింది, ఆ నీటితో పైరు ఎంత ఒళ్లు చేసింది, ఆ ఒంట్లో గింజ వాటా ఎంత. అంతే. ఏదైనా కొత్త గుణాన్నో కొత్త జన్యువునో పట్టుకొచ్చి ఇది కరువుని గెలుస్తుందంటే, ఈ మూడింట్లో దేన్ని పెంచుతుందో చెప్పమని అడగొచ్చు. ఒకదాన్ని పెంచి ఇంకోదాన్ని తగ్గిస్తుందేమో కూడా అడగాలి.

రెండో సంఖ్య దగ్గర కాస్త ఆగుదాం. ఆకుకి కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిని తెరిస్తేనే గాల్లోని బొగ్గుపులుసు వాయువు లోపలికి వస్తుంది, ఆహారం తయారవుతుంది. కానీ తెరిచిన తలుపులోంచి నీరు బయటికి పోతుంది, అదీ వచ్చిన సరుక్కి కొన్ని వందల రెట్లు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం ఏక్రన్ అనే చోట బ్రిగ్స్, షాంజ్ అనే ఇద్దరు 1910ల్లోనే కుండీలు తూచి తూచి లెక్క తేల్చారు. ఒక గ్రాము ఎండు పదార్థం కట్టడానికి గోధుమకి సుమారు 500 గ్రాముల నీరు పడుతుంది, వరిగ లాంటి చిరుధాన్యానికి సుమారు 300. మన పెద్దవాళ్లు మెట్ట చేలల్లో జొన్నా సజ్జా ఊరికే వెయ్యలేదు. ఈ రెండో సంఖ్యని పట్టుకునే కాన్‌బెర్రాలో గ్రాహం ఫార్క్వార్, రిచర్డ్స్ ఇద్దరూ ఇంకో దారి తొక్కారు. గాల్లో బరువైన కార్బన్ కొద్దిగా, తేలికైనది ఎక్కువగా ఉంటాయి. మొక్క ఆ రెండిట్లో ఏది ఎంత తీసుకుందో కొలిస్తే, అది నీటిని ఎంత పొదుపుగా వాడిందో బయటపడుతుంది. వేళ్లు కోసి కన్నాలు కొలిచే పని లేదు, చిటికెడు ఆకు పొడి చాలు. ఆ దారిలో డ్రైస్‌డేల్ అనే గోధుమ రకం 2002లో రైతు చేతికి వచ్చింది.

మొదటి సంఖ్య దగ్గర మాత్రం శాస్త్రవేత్తల కంటే రైతులకే పని ఎక్కువ. దక్షిణ ఆస్ట్రేలియాలో ఫ్రెంచ్, షుల్ట్జ్ అనే ఇద్దరు ఎన్నో గోధుమ పొలాల లెక్కలు గీసి 1984లో ఒక గీత చూపించారు. పైరుకి దొరికిన నీటిలో ఓ 110 మిల్లీమీటర్లు నేల మీద నుంచే ఆవిరైపోతుందనుకోండి. ఆపైన ప్రతి మిల్లీమీటరుకీ హెక్టారుకి 20 కిలోల గింజ రావచ్చు. 250 మిల్లీమీటర్లు ఉంటే 2,800 కిలోలు. నెల్లాళ్ల లెక్కల పుస్తకం అక్కర్లేదు, అగ్గిపెట్టె వెనక కట్టుకోవచ్చు. గమ్మత్తేమిటంటే చాలామంది రైతులు ఆ గీతకి బాగా కిందే ఉన్నారు. కరువు, కరువు అని వాన మీద నెట్టేసిన నష్టంలో కొంత అసలు వానది కాదు. వేరు కుళ్లు తెగుళ్లు, కలుపు, ఆలస్యపు విత్తనం, చాలీచాలని నత్రజని ఇలాంటివి పట్టుకుని ఉన్నాయి. మధ్యలో ఒక ఏడు ఆవజాతి నూనెగింజ కనోలా వేసి గోధుమ వేరు తెగులుని ఆకలికి మాడ్చి చంపితే, అదే వానకి తర్వాతి గోధుమ ఎక్కువ పండింది. పాసియూరాకి ఈ గీత చాలా ఇష్టం. మొక్క లోపలి సంగతులు ఎంత తవ్వినా, చివరికి చేలో తేడా తెచ్చేది ఏమిటని అడగడం ఆయన మానలేదు.

నత్రజని మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. చాలకపోతే తప్పు, మరీ ఎక్కువైనా తప్పే. యూరియా గుప్పిస్తే పైరు ఏపుగా లేచి, పూతకి ముందే నీళ్లన్నీ లాగేసి, గింజ వేళకి తాలుగా మిగులుతుంది. ఆస్ట్రేలియా రైతులు దాన్ని పైరు ఎండుగడ్డి అయిపోయిందంటారు. మన ఊళ్లో గట్టు మీద నుంచి పచ్చదనం చూసి మురిసిపోయేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఇంతకీ మొక్కకి నేల ఎండుతోందని ఎలా తెలుస్తుంది? నన్నడిగితే పాసియూరా పనులన్నిటిలో దీన్ని తేల్చిన ప్రయోగమే అందమైనది. ఆకుకి నీరు అందక వాడిపోతుంది, వాడింది కాబట్టి రంధ్రాలు మూసుకుంటుంది అని చాలాకాలం అనుకున్నారు. అది నిజమో కాదో తేల్చాలంటే, నేల ఎండుతున్నా ఆకుకి మాత్రం ఆ సంగతి తెలియకుండా చెయ్యాలి. ఎలాగ?

కుండీని ఒక ఉక్కు డబ్బాలో పెట్టారు. మూతకి కన్నం, ఆ కన్నంలోంచి కాండం పైకి. కాండం చుట్టూ గాలి పోకుండా బిగించారు. అంటే వేళ్లూ మట్టీ డబ్బాలో, ఆకులు బయట. పైన ఒక ఆకు అంచుని చిన్నగా కోశారు. ఇప్పుడు డబ్బాలోకి గాలి ఒత్తిడి పెంచుకుంటూ పోతే వేళ్లలోంచి నీరు పైకి నెట్టుకొచ్చి, ఆ కోసిన చోట చిన్న బొట్టుగా నిలుస్తుంది. కారకూడదు, ఇంకిపోకూడదు, అలా అంచున వేలాడుతుండాలి. బొట్టు లోపలికి పోతుంటే ఒత్తిడి ఒకింత పెంచాలి, ఉబ్బుతుంటే తగ్గించాలి. రోజులు గడిచేకొద్దీ మట్టి ఎండిపోతూ ఉంటుంది, ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది, ఆకు మాత్రం అప్పుడే నీళ్లు తాగినంత నిగనిగగా ఉంటుంది. వాడే అవకాశమే లేదు. అయినా గోధుమా, పొద్దుతిరుగుడూ రెండూ రంధ్రాలు మూసుకున్నాయి! గోలన్, పాసియూరా, రానా మన్స్ ముగ్గురూ 1986లో ఇది ప్రకటించారు. ఆకుకి కష్టం రాకముందే వేరు కింది నుంచి కబురు పంపుతోంది, ఇక్కడ పరిస్థితి బాగాలేదు, తలుపు వేసుకో అని.

ఆ కబురు మోసేది ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోనే అయి ఉంటుందన్నారు చాలామంది. అది ఒక్కటే కాదని మన్స్ రెండేళ్లకే గోధుమ మీద చూపించింది. ఈలోగా అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం పెద్దాయన పాల్ క్రేమర్, మొక్కల నీటి శాస్త్రంలో తరాలకి పాఠాలు చెప్పినవాడు, వేరు మోజులో పడి ఆకు సంగతి మరిచిపోతున్నారని 1988లో ఒక వ్యాసంతో తగులుకున్నాడు. పాసియూరా అదే ఏడు అదే పత్రికలో జవాబిచ్చాడు. అవధానంలో పృచ్ఛకుడూ అవధానీ తగులుకుంటే మనకెంత సరదా. శాస్త్రంలోనూ ఆ సరదా ఉంటుంది, కాకపోతే చప్పట్లు కొట్టేవాళ్లు తక్కువ.

ఇక బాల్కనీలో తులసి పెంచుకునే మీ కోసం ఒక సంగతి దాచి ఉంచాను. కుండీల్లో ప్రయోగాల ప్రమాదాల గురించి పాసియూరా 2006లో ఒక వ్యాసం రాశాడు. కుండీ అడుగున కన్నం ఉంది కాబట్టి ఎక్కువ నీరు కారిపోతుందని అనుకుంటాం. కారుతుంది, కానీ అడుగు మట్టి పూర్తిగా నానితే తప్ప చుక్క బయటికి రాదు. కారడం ఆగాక కూడా అడుగున ఓ పొర మట్టి నీటితో నిండిపోయి ఉంటుంది. పొలంలో అయితే కింద ఉన్న లోతైన మట్టి ఆ నీటిని లాగేసుకుంటుంది, కుండీకి ఆ లోతు లేదు. కుండీ ఎంత పొట్టిదైతే వేళ్లకి ఊపిరాడని భాగం అంత ఎక్కువ. అడుగున గులకరాళ్లు పోస్తే బాగా కారుతుందని పక్కింటావిడ చెప్పి ఉంటుంది. రాళ్లు పోస్తే ఆ నానిన పొర రాళ్ల పైకి జరుగుతుంది, అంతే. తులసి నీళ్లు లేక చచ్చేది కొంచెం, నీళ్లెక్కువై చచ్చేది ఎక్కువ.

తులసితో పోతే ఫర్వాలేదు. చిన్న కుండీల్లో ప్రయోగం చేసి ఈ మొక్క కరువుని జయించిందని ప్రకటించే అలవాటుంది చూశారూ, చిక్కంతా అక్కడ. ఏదో జన్యువు పెట్టారు, మొక్క కొంచెం గిడసబారింది. నీళ్లు ఆపేశారు. పక్క మొక్క పెద్దది కాబట్టి దాని కుండీ నాలుగు రోజుల్లో ఎండింది, వాడింది. గిడసది చిన్నది కాబట్టి తక్కువ తాగింది, ఇంకా పచ్చగా ఉంది. ఫొటో తీశారు, పత్రికలో వేశారు. బతికిందే గానీ, పండిందా? పొలంలో మట్టి నాలుగు రోజుల్లో ఎండదు, వారాలు పడుతుంది. అంత నిదానంగా వచ్చే కష్టానికి మొక్క సర్దుకునే తీరే వేరు.

ఇప్పుడు మన పటాన్‌చెరు. అక్కడి ఇక్రిశాట్, 1972లోనే పుట్టిన సంస్థ, కుండీల గొడవకి మంచి విరుగుడు పెట్టింది. నేలలో కందకం తవ్వి, అందులో వరసలుగా పీవీసీ గొట్టాలు నిలబెట్టారు. శనగ, వేరుశనగలకి 1.2 మీటర్ల లోతువి, సజ్జ, జొన్నలకి రెండు మీటర్లవి. ఒక్కో గొట్టంలో మట్టి, ఆ మట్టిలో పంట. గొలుసు కప్పీతో గొట్టాన్ని కొద్దిగా పైకెత్తి, మధ్యలో తూకపు పరికరం తగిలించి, బరువు రాసుకుంటారు. వారం తర్వాత మళ్లీ. తగ్గిన బరువే మొక్క తాగిన నీరు. పైరు పుట్టిన దగ్గర్నుంచి కోత దాకా ఏ వారం ఎంత తాగిందో తెలుస్తుంది.

శనగకి లోతైన, గుబురైన వేళ్లుంటే చాలు, చివరి బెట్టని దాటేస్తుందని ఎంతోకాలంగా ఒక నమ్మకం. ఐసీసీ 4958 అనే పెద్ద వేళ్ల శనగ ఆ నమ్మకానికి మూలవిరాట్టు. తీరా గొట్టాలు తూచి చూస్తే, చివరి బెట్టని తట్టుకున్న శనగలకీ తట్టుకోలేని వాటికీ తేడా వేళ్ల లోతులో కాదు, మొదట్లో ఎంత పొదుపుగా తాగాయన్న దాంట్లో ఉంది. జమన్ అల్లా, జెంకిన్సన్, విన్సెంట్ వాదెజ్ 2011లో ఈ మాట రాశారు. మా బాబాయి జేజీ-11 రకం వేస్తాడు. అది ఇంకో తెలివి, తొందరగా ముగించుకుని బెట్టకి దొరక్కుండా తప్పించుకునేది. సజ్జలోనూ ఇలాగే తేలింది. కొన్ని రకాలు మట్టిలో నీళ్లుండగానే, మధ్యాహ్నం గాలి బాగా పొడిగా ఉన్న వేళ రంధ్రాలు కొంత మూసేసి, ఆ గంటల్లో పోవాల్సిన నీటిని ఆపుకుంటాయి. మూసినంతసేపూ తిండీ తగ్గుతుంది, ఆకూ వేడెక్కుతుంది. ఊరికే వచ్చే పొదుపు ఏదీ లేదు.

మొన్నామధ్య బాబాయి ఫోన్లో మాట్లాడుతూ ఉన్నట్టుండి అడిగాడు.

"అబ్బాయ్, ఆ పీనాసి మొక్క నీళ్లు మిగిలిస్తది సరే. పక్కన ఆశపోతు మొక్క ఉంటే అది తాగిపోదా?"

నిజంగా దిమ్మతిరిగింది. ఎందుకంటే అడవిలో పీనాసి మొక్కలు నిలవకపోవడానికి కారణం ఇదే. ఒకడు మిగిల్చింది పక్కవాడు తాగేచోట మిగిల్చేవాడికి వంశం నిలవదు. ప్రకృతి వేల ఏళ్లు ఏరి పెట్టింది ఆశపోతులనే. అడిలైడ్‌లో కోలిన్ డొనాల్డ్ అనే ఆయన 1968లోనే, మంచి పంట మొక్క అంటే పక్కదాంతో పోటీ పడనిది అని రాశాడు. చేనంతా ఒకే రకం అయితే పక్కదీ పీనాసే కాబట్టి మిగిల్చింది అందరికీ మిగులుతుంది. రకరకాలు పక్కపక్కన సన్నటి వరసల్లో వేసి పరీక్షిస్తే మాత్రం పీనాసి ఓడిపోయి, ఆశపోతు గెలిచినట్టు కనబడుతుంది. ఎన్ని మంచి రకాలు అలా పక్కకి పోయాయో ఎవరు చూశారు? ఇదంతా వీలైనంత తేలిగ్గా బాబాయికి చెప్పాను.

"ఒకటే రకం అయితే సరే. మరి కలుపు?"

కలుపు పీనాసి కాదు బాబాయ్, అక్కడ వాళ్లు విత్తనం వెయ్యకముందే, ఖాళీ చేలో ఎండాకాలం వానకి లేచిన కలుపుని కూడా ఉండనివ్వరు, దాచిన తడి అది తాగేస్తుందని మందు కొడతారు అన్నాను.

"అదా! గుంటక తోలమని మా నాయన మొత్తుకునేది అందుకేగా. సరే పెట్టేయ్, కూలోళ్లొచ్చారు."